యునాని వైద్యం - మూల సూత్రాలు

మనవైపు పల్లెల్లో 'ఒంటికి వేడి చేసింది', 'పైత్యం ఎక్కువైంది' అనే మాటలు విననివారు ఉండరు. ఇలాంటి ఆలోచనను ఒక పద్ధతిగా కూర్చిన వైద్యాల్లో యునాని ఒకటి. యునాన్ అంటే గ్రీసు దేశం. క్రీ.పూ. 460 ప్రాంతంలో పుట్టిన హిపోక్రటిస్ దీనికి ఆద్యుడు. తర్వాత గాలెన్, ఇబన్ సినా (980-1037) వంటివారు దీనిని విస్తరించారు.

నాలుగు రసాలు:
1. దమ్ (నెత్తురు) - వేడి, తడి
2. బల్గమ్ (కఫం) - చలువ, తడి
3. సఫ్రా (పసుపు పిత్తం) - వేడి, పొడి
4. సౌదా (నల్ల పిత్తం) - చలువ, పొడి

ఇవి సమపాళ్లలో ఉంటే ఆరోగ్యం, తప్పితే రోగం అని యునాని చెబుతుంది. ప్రతి మనిషికీ ఒక మిజాజ్, అంటే దేహ స్వభావం ఉంటుంది. హకీం నాడి, మూత్రం, మలం పరీక్షించి, పెరిగిన గుణానికి ఎదురు గుణంతో వైద్యం చేస్తాడు. వేడి, పొడి పెరిగితే దోసకాయ, పుచ్చకాయ వంటి చలువ పదార్థాలు పెట్టడం ఇందుకు ఉదాహరణ.

ఆరోగ్యానికి ఆరు అవసరాలు: గాలి, తిండి-నీరు, శరీర శ్రమ-విశ్రాంతి, మనసు శ్రమ-విశ్రాంతి, నిద్ర-మెలకువ, మలినాలు సక్రమంగా బయటికి పోవడం. చికిత్సలు నాలుగు: ఆహారం, మందు, శస్త్రచికిత్స, మర్దన-కప్పింగ్ వంటి బాహ్య పద్ధతులు.

హైదరాబాదులో చార్మినార్ పక్కన నిజామియా యునాని ఆసుపత్రి ఉంది. 1920లో హైదరాబాదులోనే పుట్టిన జిందా తిలిస్మాత్ సీసా మన ఊళ్లలోనూ దొరుకుతుంది. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ యునాని వైద్య కళాశాల ఉంది. బైపీసీ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు బి.యు.ఎం.ఎస్. కోర్సు గురించి విచారించుకోవచ్చు.

అయితే నాలుగు రసాల సిద్ధాంతాన్ని నేటి విజ్ఞానశాస్త్రం అంగీకరించదు. రోగాలకు సూక్ష్మజీవులు, పోషకాహార లోపం వంటి కారణాలున్నాయని మనం పాఠాల్లో చదివాం. కాబట్టి ఆరు అవసరాల్లోని మంచిని తీసుకుందాం. పాముకాటు, వడదెబ్బ, తగ్గని జ్వరం, రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా ప్రభుత్వ ఆసుపత్రికే పోవాలి. కుష్తాలనే లోహ భస్మాలను అర్హత గల వైద్యుడు చెప్పకుండా వాడరాదు.

మాలాగే మీలో చాలామంది ఇంట్లో మొదట చదువుకున్నవారు. శనగచేలో పనిచేసి వచ్చిన అమ్మానాన్నలు మందుచీటీ తెచ్చి మన చేతికే ఇస్తారు. ఏది నమ్మాలో, ఏది నమ్మకూడదో వారికి విడమరచి చెప్పడం మన బాధ్యత.