చిన్న ఫ్రిజ్ చేయగల పని, చేయలేని పని

పాడి ఉన్న ఇళ్ళలో చిన్న ఫ్రిజ్ ఇప్పుడు అరుదైన వస్తువు కాదు. ఒకే తలుపు, లోపల పైభాగాన చిన్న మంచుపెట్టె, దాని కింద రెండు మూడు అరలు ఉండే 50 నుండి 100 లీటర్ల ఫ్రిజ్‌లను గూర్చే ఈ పాఠం. ఫ్రిజ్ కొన్ననాడు దుకాణదారుడు ఏ స్విచ్చి ఎక్కడ ఉన్నదో చూపిస్తాడు. అది ఏ పనికి వచ్చినది, ఏ పనికి రాదు అన్నది మాత్రం వాడుకునే వారే తెలుసుకోవాలి. మన సభ్యులకు ఈ తేడా తెలియడం మరీ అవసరం. ఎందుకంటే మన ఇంట్లో పాలు ఉంటాయి, సంఘంలో మన పాలు పదిమంది పాలతో కలుస్తాయి, కొట్టంలో పశువు ఉంటుంది. ఫ్రిజ్‌ను తప్పుగా వాడితే ఈ మూడింటికీ నష్టమే.

చల్లదనం ఏమి చేస్తుంది?

పొదుగు నుండి వచ్చిన పాలు పశువు ఒంటి వేడితో, అంటే సుమారు 38 డిగ్రీల సెంటిగ్రేడు వేడితో ఉంటాయి. సూక్ష్మజీవులు పెరగడానికి ఈ వేడి చాలా అనుకూలం. కొన్ని రకాలు అటువంటి వేడిలో సుమారు 20 నిమిషాలకు ఒకసారి రెట్టింపు కాగలవు. ఆ లెక్కన ఒకటి 2 గంటలలో 64 అవుతుంది, 4 గంటలలో 4,096 అవుతుంది. పాలు 4 డిగ్రీలకు చల్లబడితే ఈ పెరుగుదల చాలా మందగిస్తుంది.

మందగిస్తుందే గాని ఆగిపోదు. ఉన్న సూక్ష్మజీవులు చావవు. పశువులకు ఈడుపు తెచ్చే బ్రుసెల్లా క్రిమి పచ్చిపాలలో చేరితే ఫ్రిజ్ చలికి అది నశించదు. ఆ పాలు కాచకుండా తాగిన మనిషికి జ్వరం, కీళ్ళనొప్పులు రావచ్చు. క్షయ క్రిమి సంగతి కూడా ఇంతే. కనుక మొదట గుర్తుంచుకోవలసిన మాట ఇది: ఫ్రిజ్ మంచి పాలను కొంతకాలం మంచిగా ఉంచుతుంది, చెడ్డ పాలను మంచి పాలుగా మార్చదు. పొదుగు కడగడం, శుభ్రమైన స్టీలు గిన్నెలో పిండడం, పాలు కాచి తాగడం, ఈ మూడు పనులూ ఫ్రిజ్ ఉన్న ఇంట్లో కూడా చేయవలసినవే.

పది లీటర్ల లెక్క

ఫ్రిజ్ ఉన్నది గదా అని పిండిన పాలను పిండినట్టే బిందెతో లోపల పెట్టేవారు ఉన్నారు. చిన్న ఫ్రిజ్‌కు ఇది మోయలేని బరువు. 10 లీటర్ల పాలను 35 డిగ్రీల నుండి 5 డిగ్రీలకు తేవాలంటే సుమారు 290 కిలో కేలరీల వేడిని తీసివేయాలి. ఒక కిలో మంచు కరిగేటప్పుడు 80 కిలో కేలరీల వేడిని పీల్చుకుంటుంది. అంటే ఆ పాలను చల్లార్చడం మూడున్నర కిలోలకు పైగా మంచు చేసే పని. రాత్రంతా నడిచి ఒక చిన్న ట్రేడు మంచుముక్కలు చేసే పెట్టెను మనం అడుగుతున్నది ఇంత పని.

ఫలితం ఏమవుతుంది? పాలు గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటాయి. సూక్ష్మజీవులు పెరిగే కాలం అదే. పక్కన ఉన్న కూర, పెరుగు కూడా వేడెక్కుతాయి. కంప్రెసర్ ఆగకుండా తిరిగి కరెంటు ఖర్చు పెరుగుతుంది. సంఘాలలో బల్క్ కూలర్లు పెట్టినది ఇందుకే. అది చల్లార్చే యంత్రం. ఇంటి ఫ్రిజ్ చల్లారిన దానిని చల్లగా నిలిపే పెట్టె.

సంఘానికి పోసే పాలు

సాయంత్రం పాలను ఇంటి ఫ్రిజ్‌లో ఉంచి ఉదయం పాలతో కలిపి పోయడం మంచిది కాదు. పూటపాలు ఆ పూటే, పిండిన వెంటనే కేంద్రానికి చేరాలి. చలిలో పాలు పులవకపోవచ్చు. అయితే చలికి తట్టుకొని పెరిగే సూక్ష్మజీవులు వేరే ఉన్నాయి. అవి పాలలోని కొవ్వును, మాంసకృత్తులను విరిచే పదార్థాలను తయారుచేస్తాయి. ఆ పదార్థాలలో కొన్ని పాలు కాచినా పోవు. అందువలన పైకి బాగానే కనిపించిన పాలు తరువాత చేదుగానో, ముక్కవాసనగానో మారతాయి. అటువంటి రెండు లీటర్లు క్యానులో పడితే నష్టం ఆ సభ్యుడొక్కడికే పరిమితం కాదు. ఆ క్యానులో పాలు పోసిన ప్రతివారి శ్రమ అందులో ఉన్నది. క్యాను తిరస్కరింపబడితే డబ్బు తగ్గేది అందరికీ.

ఇంట్లో వాడుకునే పాలు, పెరుగు

ఇంటికి ఉంచుకున్న పాలను ముందు కాచాలి. తరువాత ఆ గిన్నెను వెడల్పాటి పళ్ళెంలోనో తొట్టిలోనో చల్లని నీళ్ళలో నిలబెట్టి, శుభ్రమైన గరిటెతో అప్పుడప్పుడు కలపాలి. నీళ్ళు వెచ్చబడితే మార్చాలి. ఇట్లా చేస్తే అరగంటలో పాల వేడి చాలావరకు దిగుతుంది. అప్పుడు మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి. ఒకే పెద్ద గిన్నె కంటె రెండు మూడు చిన్న గిన్నెలలో పోసినవి త్వరగా చల్లబడతాయి.

పాలకు చుట్టుపక్కల వాసన త్వరగా పడుతుంది. ఉల్లిపాయ, ఎండుచేప, కోసిన పండు పక్కన పాలు మూత లేకుండా ఉంచరాదు. పచ్చి మాంసం, చేపలు ఉంటే గట్టి మూత ఉన్న డబ్బాలో అన్నిటికంటె కింది అరలో పెట్టాలి. వాటి నీరు పైనుండి తినే పదార్థాలపై కారకూడదు.

పెరుగును బయట తోడుపెట్టి, తోడుకున్న తరువాతనే లోపల పెట్టాలి. చలిలో తోడుకోదు. వెన్నను లోపల ఉంచాలి. బాగా కాచిన నెయ్యికి ఫ్రిజ్ అవసరం లేదు.

మిగిలిన అన్నం, కూర వండిన 2 గంటలలోపు లోపలికి పోవాలి. మన ఎండాకాలంలో ఒక గంటకు మించి బయట ఉంచకపోవడం మంచిది. అన్నం గంటల తరబడి బయట ఉంటే అందులో పెరిగే ఒకరకం క్రిమి విషాన్ని వదులుతుంది. ఆ అన్నాన్ని తరువాత ఫ్రిజ్‌లో పెట్టినా, మళ్ళీ వేడిచేసినా ఆ విషం పోదు.

ముర్రుపాలు

చిన్న ఫ్రిజ్ పాడిరైతుకు నిజంగా పనికివచ్చే చోటు ఇది. ఈనిన పశువు ముర్రుపాలలో దూడ తాగగా మిగిలినవి ఉంటే, శుభ్రమైన సీసాలలో పోసి మూతబిగించి మంచుపెట్టెలో గడ్డకట్టించవచ్చు. సీసా నిండా పోయరాదు, గడ్డకట్టేటప్పుడు ఉబ్బి పగులుతుంది. తల్లి చనిపోయిన దూడకు, తల్లి పాలివ్వని దూడకు మొదటి కొద్ది గంటలలో ఇవి తాగిస్తే ప్రాణం నిలబెట్టగలవు. వాడేటప్పుడు సీసాను చేయి పెట్టగలిగినంత వేడి నీటిలో ఉంచి కరిగించాలి. పొయ్యిమీద కాచరాదు. కాచితే దూడకు రోగాలను తట్టుకునే శక్తినిచ్చే పదార్థమే నశిస్తుంది. రాయిలా గట్టిగా ఉన్నంతవరకే ఇవి నిలువ. ఒకసారి కరిగినవాటిని తిరిగి గడ్డకట్టించరాదు.

ఎంత చల్లగా ఉన్నదో చూడడం ఎట్లా?

చాలా ఫ్రిజ్‌లలో మీట చుట్టూ 1 నుండి 7 వరకు అంకెలు ఉంటాయి. ఇవి డిగ్రీలు కావు. సాధారణంగా అంకె పెరిగిన కొద్దీ చలి పెరుగుతుంది. సరిగా తెలియాలంటే గ్లాసెడు నీళ్ళలో థర్మామీటరు ఉంచి, మధ్య అరలో ఒక రాత్రి ఉంచి, ఉదయం తలుపు తీయగానే చూడాలి. 4 డిగ్రీలు గాని అంతకంటె కొంచెం తక్కువ గాని ఉంటే సరే. 5 దాటితే మీటను ఒక అంకె పెంచి మరునాడు మళ్ళీ చూడాలి. ఎండాకాలం ఒకసారి, చలికాలం ఒకసారి ఈ పరీక్ష అవసరం.

తలుపు అంచున ఉండే రబ్బరు పట్టీ వదులైతే ఎంత పెంచినా చలి నిలవదు. ఒక కాగితపు ముక్కను తలుపు సందున పెట్టి మూసి లాగండి. సులువుగా జారివస్తే పట్టీ శుభ్రం చేయాలి, లేదా మార్చాలి. లోపల గిన్నెలు కిక్కిరిసి ఉంటే చల్లగాలి తిరగదు. తలుపులోని అర అన్నిటికంటె వెచ్చని చోటు, అక్కడ పాలు పెట్టవద్దు.

ఉంచే చోటు, కరెంటు

ఫ్రిజ్‌ను పొయ్యి పక్కన, ఎండ పడే కిటికీ దగ్గర ఉంచరాదు. వెనుక, పక్కల వేడి పోవడానికి కనీసం జానెడులో సగం ఖాళీ ఉండాలి. గోనె సంచులు, బట్టలు కప్పరాదు. కొన్ని ఫ్రిజ్‌ల పక్కలు వేడిగా తగులుతాయి. అది లోపం కాదు, లోపలి వేడి బయటికి పోతున్నదని అర్థం.

మూడు పుల్లల ప్లగ్గును ఎర్త్ ఉన్న సాకెట్‌లోనే పెట్టాలి. మూడవ పుల్ల విరిచి వాడటం ప్రాణాపాయం. తడిచేతులతో, తడినేల మీద వట్టికాళ్ళతో ప్లగ్గు ముట్టుకోరాదు. ముట్టుకుంటే చురుక్కుమన్న ఫ్రిజ్‌ను వెంటనే మెయిన్ వద్ద ఆపి మెకానిక్కును పిలవాలి. వోల్టేజి ఎక్కువ తక్కువలు ఉన్న గ్రామాలలో, ఫ్రిజ్‌కు తగిన రక్షణ లోపలే లేకపోతే స్టెబిలైజరు పెట్టాలి. ఆపిన ఫ్రిజ్‌ను వెంటనే వేయకుండా 5 నిమిషాలు ఆగితే కంప్రెసర్ మీద ఒత్తిడి పడదు.

మంచు పేరుకుంటే

మంచుపెట్టె చుట్టూ అర సెంటీమీటరు మంచు పట్టిందంటే కరిగించే సమయం వచ్చినట్టే. మంచు మందమైన కొద్దీ చలి లోపలికి చేరదు. ఫ్రిజ్ ఆపి, తలుపు తెరిచి, దానంతట అది కరగనివ్వాలి. కత్తితో, చెంచాతో పొడవరాదు. ఆ గోడల వెనుకనే గ్యాస్ తిరిగే సన్నని గొట్టాలు ఉన్నాయి. ఒక్క చిల్లు పడితే గ్యాస్ అంతా పోతుంది. పైగా ఈనాటి ఫ్రిజ్‌లు చాలావాటిలో ఐసోబ్యూటేన్ అనే మండే గ్యాస్ వాడుతున్నారు. చీటీ మీద ఆర్-600ఎ అని ఉంటే అదే. గొట్టానికి చిల్లు పడిందని అనుమానం వస్తే నిప్పు వెలిగించక, స్విచ్చి ముట్టక, తలుపులు కిటికీలు తెరవాలి.

కరెంటు పోయినప్పుడు

తలుపు తీయకుండా ఉంటే సాధారణంగా ఒక ఫ్రిజ్ 4 గంటల వరకు చల్లదనాన్ని నిలుపుతుంది. చిన్న ఫ్రిజ్, ఎండాకాలం అయితే అంతకంటె తక్కువే అనుకోవాలి. కోతల కాలంలో రెండు సీసాల నీళ్ళు గడ్డకట్టించి ఉంచి, కరెంటు పోగానే పాలగిన్నె పక్కన పెడితే మేలు. పాలు, కూర, అన్నం చల్లదనం పోయి 2 గంటలు దాటితే వాసన బాగున్నా వాడరాదు.

పశువుల టీకాలు, పిల్లల క్షేమం

గాలికుంటు, గొంతువాపు, జబ్బవాపు టీకాలను 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. గాలికుంటు టీకా గడ్డకడితే పనికిరాదు. కరిగిన తరువాత మామూలుగానే కనిపించవచ్చు గాని పశువుకు రక్షణ ఇవ్వదు. పొద్దంతా తలుపు తెరిచే, మంచుపెట్టె పక్కనే అర ఉండే ఇంటి ఫ్రిజ్ టీకాకు తగిన చోటు కాదు. సంఘం టీకాలు దాచవలసి వస్తే వాటికొక ఫ్రిజ్ వేరుగా, లోపల థర్మామీటరుతో ఉండాలి. తినే పదార్థాలు అందులో పెట్టరాదు. ఎద్దు వీర్యపు స్ట్రాలకు ఏ ఫ్రిజ్ కూడా పనికిరాదు, వాటికి కావలసినది మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజని.

పాడైన ఫ్రిజ్‌ను పెరట్లో తలుపుతో సహా పడవేయరాదు. ఆటలో లోపల దూరిన పిల్లవాడికి తలుపు పడితే గాలి ఆడదు. తలుపు ఊడదీసిన తరువాతనే బయట పెట్టాలి.

జ్ఞాపకం ఉంచుకోవలసినవి

1. సంఘానికి పోసే పాలు పూటకు పూట. ఇంటి ఫ్రిజ్‌లో నిలువ వద్దు.
2. ఇంటి పాలు కాచి, నీళ్ళలో చల్లార్చి, మూతపెట్టి లోపల ఉంచాలి.
3. మధ్య అరలో 4 డిగ్రీలు ఉన్నదో లేదో చూసుకోవాలి.
4. ఎర్త్ లేకుండా ఫ్రిజ్ వాడరాదు.
5. మంచును కరిగించాలి, పొడవరాదు.
6. టీకా వేరు, తిండి వేరు.

కార్యదర్శులు ఈ పాఠాన్ని పాలు పోసే వేళ సభ్యులకు, ముఖ్యంగా ఇంట్లో ఫ్రిజ్ వాడే మహిళా సభ్యులకు చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాము. సంఘం థర్మామీటరు ఒకటి సభ్యులకు ఒక్కొక్క రాత్రికి వంతులవారీగా ఇస్తే, నెల తిరిగేసరికి ఎవరి ఫ్రిజ్ ఎంత చల్లగా ఉన్నదో వారికే తెలుస్తుంది. తిరిగి వచ్చిన థర్మామీటరును కడిగిన తరువాతనే పాలలో ముంచాలి.