ఏసీ గాలి – మన అపోహలు, అసలు నిజాలు

మన బడిలో ఏసీ లేదు. మన ఇండ్లల్లోనూ లేదు. అయినా ఈసారి గోడపత్రికకు ఏసీ గురించే రాస్తున్నాను. ఎందుకో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

మా ఊరు కుప్పం పక్కన. మా పెద్దమ్మ మదనపల్లెలో ఒక ఇంట్లో పనిచేస్తుంది. ఎండాకాలం సెలవుల్లో పలమనేరు, పుంగనూరు మీదుగా బస్సులో ఆమె దగ్గరికి పోయినాను. ఆ ఇంట్లో బాలింత, నెల బిడ్డ ఉన్నారు. బిడ్డకు నీళ్ళు పోసినాక బొగ్గుల కుంపటిలో సాంబ్రాణి వేసి పొగ పట్టినారు. తర్వాత కుంపటిని గదిలోనే ఒక మూలకు పెట్టి, తలుపులు, కిటికీలు మూసి ఏసీ వేసినారు. "గాలి ఆడదేమో అమ్మా" అని మా పెద్దమ్మ అనింది. ఆ ఇంటి పెద్దామె "పొగ పోయింది కదా, ఏసీ బయటి గాలిని తెస్తుందిలే" అనింది.

కొంచెం సేపటికి బాలింతకు తలనొప్పి, వాంతులు. మా పెద్దమ్మ గబగబా తలుపులు తీసి తల్లినీ బిడ్డనూ బయటికి తెచ్చింది. ఆస్పత్రిలో డాక్టరమ్మ "ఇంకొంచెం సేపు ఉండింటే ప్రాణాలకే ముప్పు" అనిందంట. ఇప్పుడు ఇద్దరూ బాగున్నారు. బడి తెరిచినాక సైన్సు మేడమ్ గారిని అడిగి తెలుసుకున్న సంగతులు ఇవి.

ఏసీ ఎట్ల పనిచేస్తుంది?

చేతి మీద తడి చేసి ఊదండి. చల్లగా ఉంటుంది. నీరు ఆవిరవుతూ చర్మం నుంచి వేడిని తీసుకుంటుంది. మట్టికుండలో నీళ్ళు చల్లబడేదీ ఇందుకే. ఏసీలో ఆ పని ఒక రసాయనం చేస్తుంది. దాన్నే అందరూ గ్యాసు అంటారు. అది గదిలోని పెట్టెలో ఆవిరవుతూ గదిగాలి నుంచి వేడిని పీల్చుకుంటుంది. బయటి పెట్టెలోని కంప్రెసర్ దాన్ని గట్టిగా నొక్కుతుంది. అక్కడ వేడిని వదిలి మళ్ళీ ద్రవమవుతుంది. అంటే ఏసీ చలిని పుట్టించదు, లోపలి వేడిని బయటికి మోస్తుంది. బయటి పెట్టె దగ్గర నిలబడితే వేడిగాలి కొట్టేది అందుకే.

అపోహ 1: ఏసీ బయటి నుంచి కొత్త గాలి తెస్తుంది.
నిజం: ఇండ్లల్లో ఉండే మామూలు స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. రెండు పెట్టెల మధ్య గొట్టాల్లో పోయేది గ్యాసు, గాలి కాదు. చల్లగాలి వేరు, కొత్తగాలి వేరు.

అపోహ 2: పొగ లేకుంటే నిప్పులతో భయం లేదు.
నిజం: బొగ్గులు కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. ఏసీ జల్లెడ దుమ్మును ఆపుతుంది గాని దీన్ని ఆపలేదు.

అపోహ 3: 16 డిగ్రీలు పెడితే తొందరగా చల్లబడుతుంది.
నిజం: మామూలు ఏసీ 16 పెట్టినా 24 పెట్టినా ఒకే వేగంతో చల్లబరుస్తుంది. 16 పెడితే ఎక్కువసేపు తిరిగి కరెంటు తింటుంది. ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ లెక్క.

అపోహ 4: ఏటేటా గ్యాసు అయిపోతుంది.
నిజం: అది పెట్రోలు మాదిరి ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టు. ముందు ఆ చోటు కనిపెట్టి అతకాలి.

మదనపల్లె చెప్పే పాఠం

మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915లో క్షయ ఆస్పత్రి పెట్టినారు. అప్పట్లో క్షయకు సరైన మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ 1943లో గాని దొరకలేదు. అందుకని రోగులకు విశ్రాంతి, మంచి తిండి, ధారాళమైన గాలి ఇచ్చేవారు. ఇప్పుడు మందులు ఉన్నాయి. అయినా గాలి విలువ తగ్గలేదు. మూసిన గదిలో క్షయరోగి దగ్గితే క్రిములు ఆ గాలిలోనే తేలుతుంటాయి. కిటికీ తెరిస్తే పలచబడతాయి.

ఇక మన సంగతి. ఏసీ మనకు లేకున్నా కుంపటి మనకుంది. మార్గశిరం, పుష్యం చలికి మా అవ్వ తలుపేసుకొని నిప్పులు పక్కన పెట్టుకొని పడుకునేది. ఈ సంగతి చెప్తే మొదట "మా అమ్మ కాలం నుంచీ ఇంతే" అని నవ్వింది. పెద్దమ్మ వచ్చి కళ్ళారా చూసింది చెప్పినాకనే నమ్మింది. ఇప్పుడు పడుకునే ముందు నిప్పులు బయట పెడుతుంది.

కావున అక్కలారా, చెల్లెళ్ళారా! ఈసారి ఇంటికి పోయినప్పుడు మీ అవ్వలకు, అమ్మలకు మూడు మాటలు చెప్పండి. మూసిన గదిలో నిప్పులు పెట్టకూడదు. అట్లాంటి గదిలో తలనొప్పి, కండ్లు తిరగడం, వాంతులు వస్తే వెంటనే బయటికి రావాలి. తర్వాత ఆస్పత్రికి పోవాలి. పెద్దవాళ్ళు నవ్వినా సరే, చెప్పడం మానొద్దు.

– 9వ తరగతి విద్యార్థిని