ఒక్క రోజు చుట్టూ అల్లుకోవలసిన ప్రయాణం

చిరంజీవి మేనల్లుడికి, మేనమామ ఆశీస్సులు.

థీమ్ పార్కు అంటే రంగులరాట్నాలూ జారుడుబల్లలూ ఒకచోట చేర్చిన ఎగ్జిబిషన్ మైదానం కాదు. ఒక కథనో ఒక సినిమానో తీసుకుని, దానికి తగ్గట్టు వీధులూ కట్టడాలూ సంగీతమూ వేషాలూ తిండీ అన్నీ అమర్చి, చూసేవాణ్ణి ఆ కథలోకి నడిపించే ఏర్పాటుకు ఆ పేరు. 1955 జులై 17న కాలిఫోర్నియాలోని ఆనహైమ్‌లో తెరిచిన డిస్నీలాండ్ ఈ పద్ధతికి ఒరవడి పెట్టగా, డిస్నీ సంస్థే 1971లో ఫ్లోరిడాలో మరొకటి తెరిచింది. ఆ తరవాత 1983లో టోక్యోలో, 1992లో పారిస్ దగ్గర, 2005లో హాంకాంగ్‌లో డిస్నీ పేరుతోనే పార్కులు వెలిశాయి. యూనివర్సల్ స్టూడియోస్ పార్కు 2010లో సింగపూర్‌కు చెందిన సెంటోసా దీవిలో మొదలైంది. ఇన్ని ఉండగా మొదటిసారి దేశం దాటుతున్న ఐదుగురి కుటుంబానికి, అందులోనూ తొమ్మిదేళ్ళ కొడుకు, ఐదేళ్ళ కూతురు, అరవై దాటిన తల్లి ఉన్న ఇంటికి, సింగపూరే తగినదని చెప్పడానికి కారణం ధర ఒక్కటే కాదు. ఫ్లోరిడాలో డిస్నీకే నాలుగు వేర్వేరు పార్కులున్నాయి, ఒక్కొక్కటీ ఒక్కో రోజు మింగుతుంది; సింగపూర్‌లోనిది సుమారు 20 హెక్టార్లు, అంటే 50 ఎకరాల లోపు, ఒక చెరువు చుట్టూ తిరిగివచ్చేంత మేర మాత్రమే కాబట్టి పిల్లలకు ఒక్క పూర్తి రోజులో సరిపోతుంది. హైదరాబాదు నుంచి నేరు విమానంలో నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం, గడియారం ముందుకు జరిగేది రెండున్నర గంటలే కావడం వల్ల పిల్లల నిద్ర చెదరదు.

ఖర్చు లెక్క వేసేటప్పుడు చాలా కుటుంబాలు ఏజెంటు ఇచ్చిన ప్యాకేజీ మొత్తాన్ని ముందు పెట్టుకుని, ఆ మొత్తంలో ఏమేమి పడతాయో చూస్తాయి. సరైన వరుస దీనికి తలకిందులుగా ఉంటుంది. పిల్లలు ఏ రోజు కోసం ఎదురుచూస్తున్నారో ఆ రోజును ముందు నిలబెట్టి, మిగిలిన రోజులూ బసలూ టికెట్లూ దానికి సాయపడేలా చుట్టూ అమర్చుకోవాలి. ఎందుకంటే అంకెలే ఆ మాట చెబుతున్నాయి. ఒక సింగపూర్ డాలరు 70 రూపాయలనీ, పార్కు టికెట్టు పెద్దలకు 85, నాలుగు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు 65 డాలర్లనీ ఉజ్జాయింపుగా పెట్టుకుంటే ఐదుగురికీ 385 డాలర్లు, అంటే సుమారు 27,000 రూపాయలవుతుంది. విమానానికి మనిషికి 25,000 చొప్పున లక్షా పాతిక వేలు, ఐదుగురికి రెండు గదులు తప్పవు గనుక రాత్రికి గదికి 160 డాలర్ల చొప్పున ఐదు రాత్రులకు లక్షా 12 వేలు, భోజనాలకు రోజుకు 100 డాలర్ల లెక్కన 35,000, లోపలి ప్రయాణాలకు 14,000, వీసాకు మనిషికి 30 డాలర్ల చొప్పున 10,500 (ఏజెంటు రుసుము విడిగా), మరో రెండు చోట్లు చూడటానికి 20,000, బీమాకు 5,000. అన్నీ కలిపితే మూడున్నర లక్షలకు కాస్త ఇటుగా తేలుతుంది. ఆ మొత్తంలో పార్కు వాటా పన్నెండో వంతు కూడా లేదు. అయినా పొదుపు మాట వచ్చినప్పుడు కత్తెర పడేది ఆ రోజు మీదే: లాకరు ఎందుకని, మధ్యాహ్నం కూర్చుని తినడం ఎందుకని, పిల్లకు మారుబట్టల సంచీ బరువెందుకని. నిజానికి ఒక్క రాత్రి తగ్గిస్తే గదులకు 22,400, భోజనాలకు 7,000 మిగిలి, పార్కు టికెట్ల ఖర్చంతా అక్కడే తీరిపోతుంది. కాబట్టి ఐదు రాత్రులకు బదులు నాలుగు చాలు. రిజర్వుగా పక్కన ఉంచే 40,000తో కలిపి లెక్క 3 లక్షల 60 వేల దగ్గర నిలుస్తుంది, నెలకు 20,000 చొప్పున రికరింగ్ డిపాజిట్ కడితే పద్దెనిమిది నెలల్లో అప్పు లేకుండా చేరుతుంది. పిల్లల సంబరం కోసం క్రెడిట్ కార్డు మీద వాయిదాలు పెట్టుకోవడం ఈ మేనమామకు ఏ విధంగానూ సమ్మతం కాదు.

ఆ రిజర్వు ఎందుకో కూడా తెలియాలి. పై లెక్కలో డాలర్లలో చెల్లించవలసిన భాగం ఐదు రాత్రులకైతే సుమారు 3,100 డాలర్లు. ప్రయాణం నాటికి డాలరు 70 నుంచి 73కు పెరిగితే ఎవరి తప్పూ లేకుండానే 9,000 పైగా అదనంగా పోతుంది. సింగపూర్ హోటళ్ళలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు కనిపిస్తే దానికి 10 శాతం సేవా రుసుము, ఆ మొత్తంపై 9 శాతం జీఎస్టీ వేరేగా పడతాయని అర్థం. అంటే మెనూలో 100 డాలర్లని చూసి తిన్న భోజనానికి బిల్లు 119 డాలర్ల 90 సెంట్లు వస్తుంది. కార్డు గీకేటప్పుడు యంత్రం రూపాయల్లో చెల్లిస్తారా, సింగపూర్ డాలర్లలో చెల్లిస్తారా అని అడుగుతుంది. రూపాయలు నొక్కితే మారకపు రేటును ఆ దుకాణం వైపు బ్యాంకు తనకు లాభంగా నిర్ణయిస్తుంది కనుక ఎప్పుడూ స్థానిక కరెన్సీనే ఎంచుకోవాలి.

ఇక పార్కు రోజును నిర్ణయించేది డబ్బు కన్నా సెంటీమీటర్లు. రైడ్ అనే మాటకు ఇక్కడ బండిలోనో పడవలోనో కూర్చోబెట్టి తిప్పే ఆట అని అర్థం. ప్రతి రైడ్‌కూ భద్రత కోసం కనీస ఎత్తు ఉంటుంది, ఆ నియమంలో బతిమాలడానికి తావు లేదు. బాటిల్‌స్టార్ గెలాక్టికా రోలర్ కోస్టర్‌కు 125, చీకట్లో దూసుకుపోయే మమ్మీ రైడ్‌కు 122, గుండ్రటి తెప్పలో నీళ్ళ మీద సాగే జురాసిక్ పార్క్ రాపిడ్స్‌కు 107, ట్రాన్స్‌ఫార్మర్స్‌కు 102 సెంటీమీటర్లు ఉండాలి. పిల్లను గోడకు ఆనించి, చెప్పులు విప్పించి, మడమలు నేలకు తగిలేలా నిలబెట్టి, తల మీద స్కేలు అడ్డంగా పెట్టి పెన్సిలుతో గీత గీసి, టేపుతో కొలవడం ఇంట్లో రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు చేయని ఇంటి పిల్ల, అన్నతో పాటు ముప్పావుగంట క్యూలో నిలబడి, గేటు దగ్గర సిబ్బంది అడ్డకర్ర కింద నిలబెట్టినప్పుడు కర్రకూ నెత్తికీ నడుమ రెండు వేళ్ళ సందు కనబడగానే పక్కకు తప్పుకోవలసి వస్తుంది. అన్న లోపలికి వెళ్ళిపోతాడు, పిల్ల అమ్మ కొంగు పట్టుకుని అక్కడే నిలబడుతుంది. ఆ చిన్నబుచ్చుకున్న ముఖం ఆ రోజంతా వెంట ఉంటుంది. ఐదేళ్ళ పిల్లలు సాధారణంగా 105 నుంచి 110 సెంటీమీటర్ల మధ్య ఉంటారు కాబట్టి రాపిడ్స్ గీత సరిగ్గా ఆ పిల్ల నెత్తి దగ్గరే ఉంది; ప్రయాణానికి ముందు నెలలో మళ్ళీ కొలిచి, ఏది ఎక్కగలదో ఏది ఎక్కలేదో పిల్లకు ఇంటి దగ్గరే చెప్పి, ఎక్కలేని వాటికి బదులుగా మినియన్ ల్యాండ్, సెసమీ స్ట్రీట్, ష్రెక్ కోట వంటివి ఆమె వంతుగా ముందే రాసిపెట్టాలి. తల్లిదండ్రుల్లో ఒకరు పిల్లాడితో ఎక్కి వచ్చాక, రెండోవారు మళ్ళీ మొదటి నుంచి క్యూ కట్టకుండా ఎక్కే వెసులుబాటు ఇలాంటి పార్కుల్లో వాడుక. గేటు దగ్గర సిబ్బందిని అడగడానికి మొహమాటపడకూడదు.

ఎక్స్‌ప్రెస్ పాస్ అనేది మామూలు క్యూ తప్పించి వేరే దారిన పంపే అదనపు టికెట్టు, రద్దీ పెరిగే కొద్దీ దాని ధరా పెరుగుతుంది. అందరికీ కలిపి కొనడం అలవాటుగా మారింది గానీ, ఆ పాస్ నిజంగా పనికొచ్చే పెద్ద రైడ్‌లు చాలావరకు పిల్లకు అందనివే అయినప్పుడు ఆమె పేరున కొనడం వట్టి వృథా. వారం మధ్యలో, మంగళవారం నుంచి గురువారం లోపు, గేటు తెరవడానికి అరగంట ముందే చేరుకునే కుటుంబానికి ఎవరికీ ఆ పాస్ అక్కరలేకపోవచ్చు.

ఏ నెలలో వెళ్ళాలన్నది కూడా ఇక్కడే తేలుతుంది. మన బడులకు ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం వరకు సెలవులు. సింగపూర్ బడులకు మే చివర్లో మొదలై జూన్ అంతా నడిచే సెలవులు. రెండు దేశాల పిల్లలూ ఒకే గేటు ముందు నిలబడే జూన్ కన్నా మే మొదటి మూడు వారాలు మేలు, అందులోనూ మే 1 కార్మిక దినమూ, బౌద్ధుల వెసాక్ సెలవూ తప్పించుకుంటే చాలు. దసరా సెలవుల్లో వెళితే ఎండాకాలం కన్నా విమాన టికెట్టు ధరలు తగ్గవచ్చు గానీ, ఆ రోజుల్లో కొన్ని సాయంత్రాలు హాలోవీన్ దయ్యాల ప్రదర్శన కోసం పార్కును మామూలు సందర్శకులకు పెందలాడే మూసేస్తారు. పిల్లలున్న ఇంటికి అది నష్టం. సంక్రాంతికి రద్దీ తక్కువే, వాన మాత్రం ఎక్కువ.

వాన మాట వచ్చింది గనుక, భూమధ్యరేఖకు ఆనుకుని ఉన్న ఆ దీవిలో ఏ నెలలోనైనా మధ్యాహ్నం ఉరుములతో వాన కురవడం మామూలని గుర్తుంచుకోవాలి. పిడుగు సూచన రాగానే ఆరుబయట రైడ్‌లు ఆపేస్తారు. అందుకే ఉదయం పదింటికి లోపల అడుగుపెట్టగానే రాపిడ్స్, కోస్టర్ వంటి బయటివి ముగించి, ఎండ నెత్తికెక్కే వేళకు ట్రాన్స్‌ఫార్మర్స్, మమ్మీ వంటి కప్పు కిందివాటికి మారాలి. రాపిడ్స్ తెప్పలో ఎటు కూర్చున్నా తడవక తప్పదు. పిల్లకు గౌను, తువ్వాలు, పొడి చెప్పులు ఒక ప్లాస్టిక్ సంచీలో వేరుగా ఉండాలి. కుళాయి నీళ్ళు తాగదగినవే కాబట్టి ఖాళీ సీసాలు తీసుకువెళ్ళి నింపుకోవచ్చు. పార్కు రోజును దిగిన రోజున పెట్టకుండా మూడో రోజున పెట్టి, నాలుగో రోజును ఏమీ రాయకుండా వదిలేయాలి. తెల్లవారుజామున విమానం దిగిన పిల్లలకు ఎంత గొప్ప కోట చూపించినా మధ్యాహ్నానికి కళ్ళు మూతలు పడతాయి.

బస సెంటోసాలోనే తీసుకోవాలని ఏజెంట్లు ఒత్తిడి చేయడం మామూలే గానీ నగరంలోని లిటిల్ ఇండియా పేట ఈ కుటుంబానికి మూడు విధాల మేలు. అక్కడి మెట్రో స్టేషన్ నుంచి ఊదారంగు లైనులో ఎక్కడా మారకుండా వెళితే ఐదో స్టేషను హార్బర్‌ఫ్రంట్. పైన ఉన్న వివోసిటీ మాల్ నుంచి సెంటోసాకు మోనోరైలు ఉంది, చల్లపూట అయితే నడక వంతెన మీదుగా ఊరికే వెళ్ళవచ్చు. మెట్రో గేటు దగ్గర బ్యాంకు కార్డు తాకిస్తే చాలు, అయితే ఒక్కో మనిషికి ఒక్కో కార్డు కావాలి. ఉదయం ఇడ్లీకి సెరంగూన్ రోడ్డులో 1947 నాటి కోమల విలాస్ ఉంది. అదే రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ ఆలయం ఉంది.

ఆ ఆలయం ప్రస్తావన పిల్లల బామ్మ, మా అక్కయ్య కోసమే. విదేశ యాత్రల్లో బామ్మలను పార్కు బెంచీ మీద బ్యాగుల కాపలాకు కూర్చోబెట్టి, సాయంత్రానికి కాళ్ళ నొప్పులతో తిరిగి తీసుకురావడం తరచుగా కనబడే సంగతి, అది మనసుకు కష్టం కలిగించే సంగతి కూడా. మోకాళ్ళు నొచ్చే మనిషిని పార్కుకు రమ్మనాలా వద్దా అన్నది కొడుకు నిర్ణయించవలసిన విషయం కాదు, ఆమెను అడిగి తేల్చుకోవలసిన విషయం. వస్తానంటే వాటర్‌వరల్డ్ ప్రదర్శన వంటి కూర్చుని చూసేవాటి వేళలు ఆమె కోసం రాసుకోవాలి. రానంటే ఆ టికెట్టు డబ్బుతో, ఖాళీగా వదిలిన ఆ నాలుగో రోజున, 2015లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన బొటానిక్ గార్డెన్స్‌లో ఆమె నడక వేగంతో మనుమలు నడిచే పొద్దు ఒకటి ఏర్పాటు చేయాలి. ఆ తోటలో ప్రవేశం ఉచితం.

పన్ను సంగతి క్లుప్తంగా చాలు. విదేశ యాత్ర ప్యాకేజీ అమ్మేవాడు కొనేవాడి దగ్గర ముందుగా వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే మొత్తాన్ని టీసీఎస్ అంటారు. 2023 అక్టోబరు 1 నుంచి 7 లక్షల లోపు 5 శాతం, ఆపైన 20 శాతం ఉండగా, 2025 ఏప్రిల్ నుంచి ఆ గీత 10 లక్షలకు జరిగింది. బడ్జెట్టుకూ బడ్జెట్టుకూ ఇవి మారతాయి కనుక బుక్ చేసే నాటి రేటును ఏజెంటు చేత రాయించుకోవాలి. ఆ 5 శాతం రేటున మూడున్నర లక్షల ప్యాకేజీ మీద 17,500 ముందే చేతి నుంచి పోయేది. రిటర్నులో చూపిస్తే సర్దుబాటవుతుంది, కానీ ప్రయాణం నాటికి ఆ డబ్బు చేతిలో ఉండదు. విమాన టికెట్టు ఒక్కటే విడిగా కొంటే అది ప్యాకేజీ కిందికి రాదు.

ముందుగా చేయవలసినవి రెండున్నాయి. పిల్లల పాస్‌పోర్టులకు సాధారణంగా ఐదేళ్ళే గడువు, ప్రయాణం నాటికి అందులో కనీసం ఆరు నెలలు మిగిలి ఉండాలి కాబట్టి ఈ వారంలోనే బీరువా తెరిచి చూడాలి. రెండోది, సెలవు రోజొకటి చూసి పిల్లలిద్దరినీ 2016 నుంచి నడుస్తున్న హైదరాబాదు దగ్గరి రావిర్యాల వండర్‌లా పార్కుకు పొద్దుట నుంచి సాయంత్రం దాకా తీసుకువెళ్ళి, ఎవరు ఎన్ని గంటలకు అలిసిపోయారో, ఏ ఎత్తుకు ఎవరు భయపడ్డారో, ఎన్నిసార్లు ఆకలన్నారో రాసుకోవాలి. ఆ కాగితమూ, గోడ మీద గీతల దగ్గర టేపు చూపిన సెంటీమీటర్లూ మేనమామకు పంపితే, పార్కు రోజును గంటల వారీగా కలిసి కూర్చుని వేసుకోవచ్చు. 

– మేనమామ