బందరు పోర్టు: ఒక ప్రాజెక్టు, ఎందరో భాగస్వాములు

మచిలీపట్నం (బందరు)లో డచ్చివారు 1605లో, ఆంగ్లేయులు 1611లో వర్తక స్థావరాలు పెట్టారు. అయితే కృష్ణమ్మ తెచ్చిన ఒండ్రుతో ఇక్కడ తీరం లోతు తక్కువ. ఓడలు దూరంగా లంగరేస్తే పడవల్లో సరుకు చేరవేసేవారు. నేటి పోర్టుకు డ్రెడ్జింగ్, బ్రేక్‌వాటర్లు తప్పనిసరి కావడానికి కారణం ఇదే.

కొత్త పోర్టుకు 2008 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. ప్రైవేటు సంస్థతో ఒప్పందం 2019లో రద్దయింది. 2023 మే 22న తపసిపూడి వద్ద మళ్లీ పనులు మొదలయ్యాయి. అంచనా రూ.5,156 కోట్లు, నాలుగు బెర్తులు.

గ్రూప్-2 పరీక్షలో అభ్యర్థులు తరచూ తడబడేది ఇక్కడే: ఇది మేజర్ పోర్టు కాదు. రాష్ట్రంలో కేంద్రం అధీనంలోని మేజర్ పోర్టు విశాఖ ఒక్కటే. బందరు పోర్టు బాధ్యత ఏపీ మారిటైమ్ బోర్డుది. అలాగని రాష్ట్రమొక్కటే నిర్ణయిస్తే సరిపోదు. పర్యావరణ, తీరప్రాంత అనుమతులు కావాలి. గుడివాడ మీదుగా వచ్చే రైలు మార్గం రైల్వేది, పుణె నుంచి వచ్చే 65వ జాతీయ రహదారి కేంద్రానిది.

అన్నిటికన్నా కష్టమైంది భూమి. 2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్య (పీపీపీ) ప్రాజెక్టుకు 70 శాతం, ప్రైవేటు ప్రాజెక్టుకు 80 శాతం బాధిత కుటుంబాల సమ్మతి అవసరం. రైతుతో పాటు బందరు తీరంలోని గిలకలదిండి మత్స్యకారుడి మాటా మొదటే వినాలి. 1977 నవంబరు 19 ఉప్పెన సమీపంలోని దివిసీమను ముంచేసింది కాబట్టి తుపాను రక్షణ ప్రణాళికలోనే ఉండాలి.

గ్రూప్-2 అభ్యర్థులు 70, 80 శాతాల తేడాను తప్పక గుర్తుంచుకోండి.