తిరగని తాళంచెవి

విద్యార్థులారా! కాసేపు ఊపిరి బిగబట్టండి. కొద్దిసేపటికే "గాలి పీల్చు, గాలి పీల్చు" అని లోపలినుంచి ఎవరో తొందరపెడుతున్నట్లు ఉంటుంది కదూ? ఆ కాపలాదారు మెదడు అడుగున ఉన్న మజ్జాముఖం. రక్తంలో కార్బన్ డై ఆక్సైడు పెరగగానే అది ఛాతీ కండరాలకు ఆజ్ఞ పంపుతుంది. మనం నిద్రపోయినా అది నిద్రపోదు.

కాని దానినీ నిద్రపుచ్చే పదార్థాలున్నాయి. గసగసాల మొక్క పచ్చికాయకు గాటు పెడితే కారే పాలు ఎండితే నల్లమందు అవుతుంది. అందులో మార్ఫిన్ ఉంటుంది. క్యాన్సరు రోగుల బాధ తగ్గించడానికి వైద్యులు దీనిని తగిన మోతాదులో వాడతారు. హెరాయిన్, ఫెంటనిల్ కూడా ఈ కోవలోవే. వీటిని ఓపియాయిడ్లు అంటారు. మోతాదు మించితే మనిషి పిలిచినా పలకడు. కంటిపాపలు గుండుసూది మొనంత అవుతాయి. పెదవులు నీలిరంగుకు తిరుగుతాయి. చివరకు శ్వాస ఆగిపోతుంది.

విరుగుడు ఎలా పనిచేస్తుంది?

నాడీకణాల మీద గ్రాహకాలు అనే తాళాలుంటాయి. మార్ఫిన్ అణువు తాళంచెవిలా వాటిలో దూరి తిప్పుతుంది. నాలాక్సోన్ అనే మందు కూడా ఆ తాళంలోనే దూరుతుంది, ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, మార్ఫిన్‌ను బయటికి నెడుతుంది. కాని తాను మాత్రం తిరగదు! దానితో కాపలాదారు మేలుకొంటాడు. సూదిమందుగా ఇచ్చినా, ముక్కులో చల్లినా కొద్ది నిమిషాలలోనే శ్వాస తిరిగి వస్తుంది.

1961లో అమెరికాలో ఫిష్‌మన్, లెవెన్‌స్టైన్ దీని పేటెంటుకు దరఖాస్తు చేశారు. 1971లో అక్కడ వాడకానికి అనుమతి లభించింది. 1973లో పెర్ట్, స్నైడర్ రేడియోధార్మిక నాలాక్సోన్ సాయంతోనే మెదడులో ఆ గ్రాహకాలున్నాయని చూపారు. చూశారా, చెవి ముందు దొరికింది, తాళం తరువాత కనిపించింది! 2023లో అమెరికా ప్రభుత్వం ముక్కులో చల్లే రకాన్ని వైద్యుని చీటీ లేకుండా అమ్మడానికి అనుమతించింది.

మేలుకుంటే చాలునా?

"రోగి లేచి కూర్చుంటే ఇక ఇంటికి పంపవచ్చునా, మాస్టారూ?" అని మా తరగతిలో ఒక అమ్మాయి అడిగింది. పంపకూడదు. నాలాక్సోన్ ప్రభావం సుమారు 30 నుంచి 90 నిమిషాలే. కొన్ని ఓపియాయిడ్లు శరీరంలో అంతకన్నా ఎక్కువసేపు ఉంటాయి. నాలాక్సోన్ తాళం వదలగానే అవి మళ్లీ దూరుతాయి, ఊపిరి మళ్లీ ఆగవచ్చు. అందుకే ఆసుపత్రిలో గంటల తరబడి కనిపెట్టి ఉండాలి.

ఇటువంటి మనిషి కనబడితే వెంటనే పెద్దలను పిలవండి, 108కి ఫోను చేయించండి. శ్వాస ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ఒంటరిగా మాత్రం వదలకండి.

ఆలోచించండి: నిద్రమాత్రలు మింగిన వ్యక్తికి నాలాక్సోన్ విరుగుడు కాదు. ఎందువల్ల? తాళాన్ని గుర్తు తెచ్చుకోండి, జవాబు దొరుకుతుంది.