ఇల్లు చూసుకునే ముందు

చిరంజీవి చిన్నీకి,

షికాగో నుంచి పిన్ని ఆశీస్సులు.

నీకు సీటొచ్చిన మూడు యూనివర్సిటీల పేర్లూ బావగారు పంపారు. షికాగోలో ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, ఫిలడెల్ఫియాలో టెంపుల్, సెయింట్ లూయిస్‌లో సెయింట్ లూయిస్ యూనివర్సిటీ. మూడింటి పక్కనా "ఏరియా మంచిది కాదట" అని రాశారు. ఆడపిల్లని అంతదూరం పంపే తండ్రి భయాన్ని నేను తప్పు పట్టను. కానీ ఆయన చూసిందేమిటో నాకు తెలుసు. అమెరికాలో అతి ప్రమాదకరమైన పది నగరాలు అంటూ ఏటా తిరిగే జాబితాలు. వాటిని నమ్ముకుని చదువు నిర్ణయించుకోకు.

ఆ జాబితాల్లో సెయింట్ లూయిస్ ఎప్పుడూ పైవరసలోనే ఉంటుంది. కారణం విను. 1876లో ఆ ఊరివాళ్ళు ఓటు వేసుకుని తమ కౌంటీ నుంచి విడిపోయారు. అప్పుడు గీసిన హద్దు ఇప్పటికీ కదల్లేదు. తర్వాత ఊరు పెరిగింది, డబ్బున్నవాళ్ళు హద్దు దాటి వెళ్ళిపోయారు. 2020 జనాభా లెక్కల్లో హద్దు లోపల ఉన్నది 3 లక్షల పైచిలుకు మంది. శివార్లన్నీ కలిపితే 28 లక్షలు. నేరాల సంఖ్యని ఆ 3 లక్షలతో భాగిస్తే వచ్చే రేటు భయంకరంగానే ఉంటుంది మరి. షికాగోలో అలా కాదు, సరస్సు ఒడ్డు కోటీశ్వరులతో సహా 27 లక్షల మంది ఒకే లెక్కలోకి వస్తారు. బాల్టిమోర్‌దీ సెయింట్ లూయిస్ కథే. నగరాలకు ఇలా ర్యాంకులు కట్టొద్దని ఎఫ్.బి.ఐ. తన లెక్కలతో పాటే హెచ్చరిస్తుంది. వినేదెవరు?

అలాగని అక్కడ నేరాలే లేవనడం లేదు. సెయింట్ లూయిస్‌లో డెల్మార్ బులవార్డ్ అని ఒక రోడ్డుంది. దానికి ఉత్తరాన పాడుపడిన ఎర్ర ఇటుక ఇళ్ళు, దక్షిణాన కాస్త దూరంలోనే చెట్లనీడలో బంగళాలు. ఊరంతా ప్రమాదమన్నా అబద్ధమే, ఊరంతా బాగుందన్నా అబద్ధమే.

బెజవాడ పిల్లవి, నీకిది వేరే చెప్పాలా? 1988 డిసెంబరులో ఎమ్మెల్యే రంగా హత్య తర్వాతి రోజులు మీ అమ్మకీ నాకూ బాగా గుర్తు. కర్ఫ్యూ, కాలిపోయిన కొట్లు. ఆ తర్వాత చాలా ఏళ్ళు బెజవాడంటే రౌడీల ఊరనే పేరుండేది. మేం మాత్రం సత్యనారాయణపురం నుంచి సైకిళ్ళ మీద ట్యూషన్లకి వెళ్ళొస్తూనే ఉన్నాం. ఏ సందులోంచి ఏ వేళప్పుడు వెళ్ళకూడదో ఎరిగి ఉండేవాళ్ళం, అంతే.

ఇక్కడ కూడా అంతే. మినియాపొలిస్ పోలీసులకొచ్చిన ఫోన్ కాల్స్‌ని లెక్కగట్టిన పరిశోధన ఒకటి 1989లో అచ్చయింది. మొత్తం కాల్స్‌లో సగం, ఊళ్ళోని 3 శాతం చిరునామాల దగ్గర్నుంచే వచ్చాయట. ఫలానా బారు, ఫలానా మూల మీది కొట్టు, ఇలాగ. చెడ్డపేరున్న పేటలో కూడా చాలా వీధులు ఏ గొడవా లేకుండా నిద్రపోతాయి.

పేదపేటలన్నీ ఒకటి కావనడానికి షికాగోలోనే ఒక ఉదాహరణ చెబుతాను. ఫిజియోథెరపిస్టుగా పేషెంట్ల ఇళ్ళకి తిరిగేదాన్ని కాబట్టి ఆ వీధులు నాకు గుమ్మం గుమ్మం తెలుసు. వెస్ట్ సైడ్‌లో నార్త్ లాన్‌డేల్, సౌత్ లాన్‌డేల్ పక్కపక్క పేటలు. మొదటిదాంట్లో ఎక్కువమంది నల్లజాతివాళ్ళు. రెండోదాన్ని అందరూ లిటిల్ విలేజ్ అంటారు, అక్కడ మెక్సికన్లు ఎక్కువ. రెండూ పేదవే. రెండింట్లోనూ గ్యాంగులున్నాయి, తుపాకులు పేలతాయి. 1995 జూలైలో షికాగోలో వడగాడ్పులకి 739 మంది పోయారు. ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే సోషియాలజిస్టు ఆ చావుల మీద పుస్తకం రాస్తూ ఈ రెండు పేటల్నీ పోల్చి చూశాడు. నార్త్ లాన్‌డేల్‌లో లక్షకి 40 మంది చనిపోతే, లిటిల్ విలేజ్‌లో లక్షకి 4.

ఎండ ఒకటే కదా, మరెందుకింత తేడా? నార్త్ లాన్‌డేల్‌లో ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. సియర్స్ కంపెనీ హెడ్డాఫీసు 1970ల్లో డౌన్‌టౌన్‌కి తరలిపోయింది. వాటి వెనకే కొట్లూ పోయాయి, ఇళ్ళు కూలి ఖాళీ జాగాలు మిగిలాయి. ఒంటరి ముసలివాళ్ళు బయటికి రావడానికి జంకి, తలుపులూ కిటికీలూ బిగించుకుని లోపలే ఉడికిపోయారు. లిటిల్ విలేజ్‌లో 26వ వీధి మాత్రం రోజూ తిరునాళ్ళలా ఉంటుంది. బండి దగ్గర మొక్కజొన్న పొత్తు ఉడికించి, వెన్నా చీజూ రాసి, కారం జల్లి నిమ్మకాయ పిండి ఇస్తారు. ముసలమ్మలు చక్రాల బుట్టలు లాక్కుంటూ బేకరీకని, కూరల కొట్టుకని తిరుగుతూనే ఉంటారు. ఆ ఎండల్లో కూడా వాళ్ళు అలాగే బయటికొచ్చి చల్లటి కొట్లలో కాసేపు నిలబడ్డారు. రానివాళ్ళ సంగతి పక్కింటివాళ్ళు కనుక్కున్నారు. కాబట్టి ఇల్లు చూసుకునేటప్పుడు ఆ పేటలో డబ్బుందా లేదా అన్నదానికన్నా, వీధిలో మనుషులున్నారా లేరా అన్నది ముందు చూడు.

నార్త్ లాన్‌డేల్‌లో మాత్రం మనుషుల్లేరా ఏమిటి! అక్కడ ఎనభై దాటిన ఒకావిడకి మోకాలి ఆపరేషన్ అయ్యాక మెట్లెక్కడం నేర్పేదాన్ని. మొదటిరోజే నాకు పాఠం చెప్పింది: ఆ మూల కొట్టు ముందు కారు ఆపకు, నా కిటికీకి కనబడేలా ఇక్కడ పెట్టు, చీకటి పడ్డాక రాకు. ఎదురింటి అరుగు మీది కుర్రాళ్ళని పిలిచి నన్ను చూపించింది. ఆ తర్వాత మంచు పడ్డ ఒక రోజున నా కారు కూరుకుపోతే, పారలు తెచ్చి తవ్విపెట్టింది ఆ కుర్రాళ్ళే. మనవాళ్ళు "నల్లవాళ్ళ ఏరియా" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది. 1930ల్లో ప్రభుత్వ సంస్థే మ్యాపుల మీద అలాంటి పేటలకి ఎర్రరంగు పూసి, అక్కడ ఇళ్ళకి అప్పులివ్వడం ప్రమాదమని ముద్ర వేసింది. ఫెయిర్ హౌసింగ్ చట్టం 1968లో గానీ రాలేదు. ఏళ్ళ తరబడి అప్పు పుట్టని వీధి ఎలా ఉంటుందో ఊహించుకో. నువ్వు ఇక్కడికొచ్చాక చర్మం రంగు చూసి వీధి దాటే అలవాటు మాత్రం చేసుకోకు.

ఫిలడెల్ఫియా సంగతి. టెంపుల్ ఉన్నది నార్త్ ఫిలడెల్ఫియాలో. మత్తులో నడుం వంగి రోడ్డు మీదే నిలబడిపోయిన మనుషుల వీడియోలు నువ్వూ చూసే ఉంటావు. అవి కెన్సింగ్టన్ అనే పేటవి. క్యాంపస్‌కి రెండు మూడు మైళ్ళ దూరం. వాటిని చూసి టెంపుల్ వద్దనడం అన్యాయం. అయితే క్యాంపస్ పోలీసులు తిరిగే నాలుగు వీధులు దాటగానే వాతావరణం మారిపోతుంది, అదీ నిజమే. ఆ ఊళ్ళోనే 541 ఖాళీ జాగాల మీద ఒక ప్రయోగం చేశారు. కొన్నింట్లో చెత్త ఎత్తి, గడ్డి వేసి, నాలుగు చెట్లు నాటి, చుట్టూ పొట్టి కర్ర కంచె కట్టారు. 2018లో ఫలితాలు వచ్చాయి. బాగా పేదపేటల్లో ఆ జాగాల చుట్టుపక్కల తుపాకీ నేరాలు 29 శాతం తగ్గాయి. పెద్ద ఖర్చు కూడా కాదు. మన మునిసిపాలిటీలు వింటే బాగుండును.

ఇల్లు వెతికేటప్పుడు ముందు గూగుల్ స్ట్రీట్ వ్యూలో ఆ వీధి ఈ చివర నుంచి ఆ చివరి దాకా నడిచి చూడు. కిటికీలకి ప్లైవుడ్ కొట్టిన ఇళ్ళు ఎన్ని? ఖాళీ జాగాలు ఎన్ని? ఎవరైనా అక్కడుంటే మూల మీది కొట్లోకి ఒకసారి వెళ్ళి రమ్మను. కౌంటరు ముందు దళసరి అద్దం బిగించి, డబ్బులు చిన్న కంతలోంచి తీసుకుంటున్నారంటే ఆ కొట్టువాడి అనుభవమేమిటో అదే చెబుతుంది. ఫుట్‌పాత్ అంచున పచ్చటి గాజు పలుకులు రాలి ఉంటే అవి పగలగొట్టిన కారు అద్దాలవి. యూనివర్సిటీలు ఏటా అక్టోబరు 1లోగా నేరాల నివేదిక ప్రకటించాలని క్లెరీ చట్టం చెబుతుంది. అది చదువు, కానీ మెలిక తెలుసుకుని చదువు. క్యాంపస్‌లోనూ, యూనివర్సిటీకి చెందిన ఇతర భవనాల్లోనూ, క్యాంపస్‌ని ఆనుకున్న రోడ్ల మీదా జరిగినవే అందులో ఉంటాయి. రెండు వీధుల అవతల నీ అద్దె ఇంటి దగ్గర ఫోన్ లాక్కుపోతే అందులోకి రాదు.

క్లాసు ఎన్నింటికి అయిపోతుందో కూడా చూసుకో. డిసెంబరులో షికాగోలో సాయంత్రం నాలుగున్నరకే చీకటి. రాత్రి తొమ్మిదింటికి నువ్వు నడవాల్సిన దారి ఎలా ఉందన్నదే అసలు లెక్క. దూరంగా చౌకలో గది దొరికిందని సంబరపడితే, అద్దెలో మిగిలింది ఊబర్‌కి పోతుంది.

నన్నడిగితే షికాగోకే ఓటేస్తాను. నేనిక్కడున్నానని పక్షపాతం కొంత ఉందనుకో. నీ క్యాంపస్ ఉండేది సౌత్ సైడ్‌లోని బ్రాంజ్‌విల్‌లో. ఆ పేరు వింటే పాతకాలంవాళ్ళు ఇప్పటికీ ఉలిక్కిపడతారు. వాళ్ళకి గుర్తున్నది స్టేట్ స్ట్రీట్ పొడవునా నిలబడిన ప్రభుత్వ అపార్టుమెంటు టవర్లు. ఒక్క రాబర్ట్ టేలర్ హోమ్స్‌లోనే పదహారంతస్తులవి 28 ఉండేవి. 2007 నాటికి అవన్నీ కూల్చేశారు. నగర పోలీసుల ప్రధాన కార్యాలయం క్యాంపస్ పక్కనే. గ్రీన్ లైన్, రెడ్ లైన్ రైళ్ళు రెండూ నడిచే దూరం, రెడ్ లైన్ రాత్రంతా నడుస్తుంది. దాని మీద ఉత్తరానికి ఒక్క స్టాపు వెళితే చైనాటౌన్, వంకాయలు, బెండకాయలు, పచ్చిమిరప అన్నీ దొరుకుతాయి. మన కొట్లుండే డెవాన్ అవెన్యూ ఊరికి ఆ కొసన. కందిపప్పు, చింతపండు నేను తెచ్చిపెడతాను. క్యాంపస్ దగ్గర్లోనే ఉండు. అద్దె తక్కువని దక్షిణానికి దిగి ఎంగిల్‌వుడ్ దాకా పోకు. ఆ పేట బాగుపడుతుందని 2016లో అక్కడ హోల్ ఫుడ్స్ అనే పెద్ద కూరల కొట్టు తెరిచారు, 2022లో మూసేశారు. ఇంటిదగ్గర కూరలు దొరకనిచోట, కారు లేని చదువుకునే పిల్ల నెగ్గుకు రావడం కష్టం.

బావగారు భయపడాల్సింది మాత్రం వేరే ఉంది. కొలంబస్‌లో, షికాగో దగ్గర, డాలస్ దగ్గర మన తెలుగు పిల్లలు తుపాకీ గుళ్ళకి పోయింది గ్యాస్ స్టేషన్లలో పనిచేస్తూ. అద్దె కట్టాలని, అప్పు తీర్చాలని, నాన్నని ఇంకా అడగలేక ఆ పనికి వెళ్ళినవాళ్ళు ఎంతమందో. ఎఫ్-1 వీసా మీద చదువు సాగుతున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని చేయవచ్చు. బయట కౌంటరు పని చేస్తే వీసా పోతుంది, అర్ధరాత్రి గల్లాపెట్టె దగ్గర ఒంటరిగా కూర్చుంటే ప్రాణానికే ముప్పు. మంచి ఏరియా అయినా ఇది మారదు. డబ్బుకి ఇబ్బందైతే ముందు నన్నడుగు. మీ అమ్మకి చెప్పను.

ఒకవేళ ఎవడైనా ఎదురుపడి ఫోన్ అడిగితే ఇచ్చెయ్యి, బేరాలొద్దు. మెడలో గొలుసు బెజవాడలోనే వదిలి రా. సెకండ్‌హ్యాండ్ కారు కొంటే 2011 నుంచి 2021 మధ్య కియా, హ్యుందాయ్ మోడళ్ళ జోలికి తొందరపడి పోకు. అసలు తాళం లేకుండా బండి కదలనివ్వని ఇమ్మొబిలైజర్ వాటిలో చాలావాటికి లేదు. అది తెలిసిపోయాక ఊరూరా కుర్రాళ్ళు వాటినే ఎత్తుకుపోయారు.

అడ్వాన్సు పంపకముందే ఆ ఇంటి చిరునామా, నీ క్లాసుల టైమ్ టేబుల్ నాకు వాట్సాప్ చెయ్యి. పగలొకసారి, రాత్రి తొమ్మిది దాటాక ఒకసారి మీ బాబాయిని వెంటబెట్టుకుని వెళ్ళి చూసి ఫోన్ చేస్తాను. అప్పటిదాకా లీజు మీద సంతకం పెట్టకు.

ఇట్లు,
మీ పిన్ని