టాబ్లెట్‌పై డెస్క్‌టాప్ వ్యవస్థ నడుచునా?

ప్రశ్న: నా పాత ఆండ్రాయిడ్ టాబ్లెట్‌లో విండోసుగాని లినక్సుగాని నడుపవచ్చునా? కర్మాగారపు లెక్కలు వ్రాసికొనవలెను. – ఒక పాఠకుడు, జీడిమెట్ల

జవాబు: లినక్సు నడుపవచ్చును, అందుకు దృష్టాంతము మన నగరముతోనే ముడిపడియున్నది. 2011 అక్టోబరు 5న కేంద్రప్రభుత్వము విడుదల చేసిన, హైదరాబాదులో కూర్పబడిన ఆకాశ్ టాబ్లెట్ 366 మెగాహెర్ట్జుల ప్రాసెసరుతో మిక్కిలి మందగతిని నడచినను, మరుసటి యేడు వచ్చిన ఆకాశ్-2లో 1 గిగాహెర్ట్జు ఆర్మ్ ప్రాసెసరును, 512 మెగాబైట్ల ర్యామును అమర్పగా, బొంబాయి ఐ.ఐ.టి. వారు దానిపై లినక్సు డెస్క్‌టాపునే నడిపించి చూపిరి. ఆ సాహసము నాకిప్పటికిని గర్వకారణమే.

ఆండ్రాయిడ్ గర్భమున నున్నదియు లినక్సు కెర్నెలే యగుటచే ఇది సాధ్యమైనది. అయితే మేజాకంప్యూటరు తన అవయవములను తానే వ్యవస్థకు ఎరుకపరచుకొనగా, టాబ్లెట్‌లో తెర, స్పర్శ, వైఫై మొదలగువాని వివరములను తయారీదారుడే కెర్నెలునకు సమకూర్పవలసియుండును. అవి లభింపనిచో వ్యవస్థ మేల్కొన్నను తెర స్పర్శకు పలుకదు. ఇంటెల్ యంత్రములకై నిర్మితమైన మామూలు విండోసు, ఆండ్రాయిడ్ టాబ్లెట్‌లలో సాధారణముగా నుండు ఆర్మ్ ప్రాసెసరుపై నేరుగా నడువనే నడువదు. ఆ ఆశ విడువుడు.

నా మాట వినినచో, వ్యవస్థను మేల్కొలుపు బూట్‌లోడరును తాకక, టెర్మక్స్ అను అనువర్తనముద్వారా ఆండ్రాయిడ్ లోపలనే డెబియన్ అను లినక్సును స్థాపించి, కీబోర్డు తగిలించి, లిబ్రెఆఫీసులో లెక్కలు వ్రాసికొనుడు. బూట్‌లోడరు తాళము తీసినచో సాధారణముగా టాబ్లెట్‌లోని సమాచారమంతయు తుడిచిపెట్టుకొనిపోవును గనుక, ఏ ప్రయత్నమునకైనను ముందు మీ లెక్కల ప్రతిని వేరొకచోట భద్రపరచుకొనుడు.